ఎదుటి పార్టీ నాయకుడికి నేను కట్టిన చీరలు

2014 ఎన్నికలప్పుడు నేను హైదరాబాద్ ఎస్సార్‌నగర్‌లో ఒక బాయ్స్ హాస్టల్లో ఉండేదాన్ని. ఈరోజు "ఉండేదాన్ని" అని రాయగలుగుతున్నాను. తెలుగులో "వెళ్ళాను", "తిన్నాను" అంటే చెప్పేది ఆడో మగో తెలియదు. ఆ మేరకు మన భాష నాలాంటి ట్రాన్స్ మహిళల మీద దయ చూపించింది. "వెళ్ళేదాన్ని", "తినేదాన్ని" దగ్గరికి వచ్చేసరికి దొరికిపోతాం. అందుకని ఆ గదిలో ఉన్నన్నాళ్ళూ నా చిన్నప్పటి సంగతులు ఎవరికీ చెప్పలేదు. చెప్తే ప్రతి వాక్యం చివరా "వాణ్ణి" అనాలి.

ఇంజనీరింగ్ అయిపోయి, ఉద్యోగం రాక, అమీర్‌పేటలో కోచింగుల చుట్టూ తిరుగుతున్న రోజులవి. నాకు ఫోటోషాప్ బాగా వచ్చు. మా ఖమ్మం వైపు అన్న ఒకాయన ఒక పార్టీ ఫేస్‌బుక్ పేజీకి బొమ్మలు చేసిపెట్టమన్నాడు. జీతం లేదు. నెట్ రీచార్జి, ఆదివారం బిర్యానీ, పార్టీ గెలిస్తే చూసుకుంటామన్న మాట. అది ఏ పార్టీయో ఇక్కడ అనవసరం. అన్ని పార్టీల పేజీల్లోనూ అదే పని నడిచేది, ఇప్పటికీ నడుస్తోంది.

కరెంటు కోతల మీదో, కాంట్రాక్టుల మీదో ఎంత కష్టపడి బొమ్మ చేసినా వందా రెండొందల లైకులు వచ్చేవి. ఎదుటి పార్టీ నాయకుడికి చీర కట్టి, బొట్టు పెట్టి, మోచేతి దాకా గాజులు తొడిగి వదిలితే గంటలో వేలు దాటేవి. అన్న ఫోన్ చేసి "తమ్ముడూ, ఇంకో చీర కట్టు" అనేవాడు. చీర కట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని పేరొచ్చింది. మిగతా కుర్రాళ్ళు ఏ హీరోయిన్ ఒంటికో తల అతికించేవాళ్ళు, మెడ దగ్గర అతుకు కనిపించేది. నేను చేస్తే కుచ్చిళ్ళు సరిగ్గా పడేవి. పైట భుజం మీద ఎంత మడత పడాలో అంతే పడేది. చెయ్యెత్తినప్పుడు గాజులు ముంజేతి మీదికి ఎలా జారతాయో అలాగే జారేవి. పదేళ్ళ వయసు నుంచి నేను కన్నార్పకుండా చూసినవి అవే మరి.

ఒకసారి నాకు కావలసినంత స్పష్టంగా ఉన్న చీర ఫోటో ఒక్కటే దొరికింది. మా మేనమామ పెళ్ళిలో మా అమ్మ గద్వాల చీర కట్టుకుని నిలబడి తీయించుకున్న ఫోటో. మెడ దగ్గర కత్తిరించి, అమ్మ మొహం తీసేసి, ఆ నాయకుడి మొహం పెట్టాను. ఆ వారం మా పేజీలో అన్నిటికన్నా ఎక్కువ మంది పంచుకున్న బొమ్మ అదే. కింద వందల కామెంట్లు. తేడాగాడు, పాయింట్ ఫైవ్, ఆడంగి. నేను ఒక్కొక్కటీ చదివాను. వాళ్ళు నవ్వుతున్న ఆ ఒళ్ళు మా అమ్మది. వాళ్ళు తిడుతున్న ఆ కోరిక నాది.

రాత్రి రెండు దాటి, గదిలో ముగ్గురూ నిద్రపోయాక అదే ఫైలు తెరిచి, నాయకుడి మొహం ఉన్న లేయర్ ఆపేసి, నా మొహం పెట్టుకునేదాన్ని. చీరలో నన్ను నేను మొట్టమొదట చూసుకున్నది ఆ లాప్‌టాప్ తెర మీదే. తెల్లారేలోపు సేవ్ చెయ్యకుండా మూసేసేదాన్ని.

సరిగ్గా ఆ ప్రచారం మధ్యలో, 2014 ఏప్రిల్ 15న, సుప్రీంకోర్టు నాల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) వేసిన కేసులో తీర్పు ఇచ్చింది. తాను ఆడో, మగో, ఆ రెండూ కానివారో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేనని జస్టిస్ రాధాకృష్ణన్, జస్టిస్ సిక్రీల ధర్మాసనం తేల్చింది. చదువుల్లో, కొలువుల్లో రిజర్వేషన్లు ఇవ్వమని ప్రభుత్వాలకు చెప్పింది. తెలంగాణలో పోలింగు ఏప్రిల్ 30న. మధ్యలో పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లో నేను ఇంకో ఆరేడు చీరలు కట్టాను.

అప్పుడు నాకు తెలియని సంగతి ఇంకొకటుంది. నిజాం పాలనలో 1329 ఫసలీలో, అంటే 1919లో వచ్చిన యూనక్స్ యాక్ట్ అప్పటికింకా తెలంగాణలో చెల్లుబాటులోనే ఉంది. దాని ప్రకారం హిజ్రాల పేర్లు రిజిస్టర్లో రాసిపెట్టాలి. ఆ రిజిస్టర్‌కెక్కిన మనిషి ఆడబట్టలు కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపిస్తే, నలుగురి ముందు పాడితే, ఆడితే, వారంటు లేకుండా పట్టుకెళ్ళొచ్చు. రెండేళ్ళ దాకా జైలు. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో ఈ చట్టం మీద కోర్టుకెళ్ళారు. ఇది రాజ్యాంగానికి విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది. ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకూ వర్తింపజెయ్యమని అదే తీర్పులో చెప్పింది.

చీర ఒకటే. నా తెర మీద నాయకుడు కట్టుకుంటే వేల మందికి నవ్వు. నాలాంటి మనిషి ఆ చీరతో వీధిలోకొస్తే పుస్తకంలో రెండేళ్ళ శిక్ష. ఆ రెంటికీ సంబంధం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆ బొమ్మలో నవ్వు ఎక్కడ పుడుతుందో విప్పి చూడండి. నాయకుడు చేసిన తప్పేమిటో అందులో లేదు. ఆయన తిన్న సొమ్ము లేదు, తప్పిన మాట లేదు. ఉన్నదల్లా మగవాడి ఒంటి మీద ఆడదాని బట్ట. అది చూడగానే నవ్వొస్తోందంటే, ఆడదవడం దిగజారడమనీ, మగపుట్టుక పుట్టి ఆడదాన్నని చెప్పుకోవడం అంతకన్నా దిగజారడమనీ చూసేవాళ్ళకు ముందే తెలిసుండాలి. ఆ నమ్మకం లేనివాడికి ఆ బొమ్మ అర్థం కూడా కాదు. అంటే ఆ బొమ్మ ఎదుటి పార్టీని ఏమీ చెయ్యదు. బొమ్మలో ఎక్కడా లేని మమ్మల్ని మాత్రం ప్రతిసారీ కొడుతుంది.

ఇది ఫేస్‌బుక్‌తో మొదలైంది కాదని నాకు తెలుసు. చేతకాని అధికారికి గాజులు, చీర పంపడం మన ఉద్యమాల్లో పాత అలవాటు. నీళ్ళు రాని బస్తీ ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వెళ్ళి ఇంజనీరు బల్ల మీద గాజులు పోసి వస్తారు. వాళ్ళ కోపం న్యాయమైనది. కానీ ఆ గాజులు వేసుకున్న చేతులతోనే వాళ్ళు నాలుగు వీధులు దాటి బిందెలు మోసుకొస్తున్నారు. చేతకానితనానికి గుర్తుగా చూపించడానికి వాళ్ళకు దొరికింది తమ కష్టపడే చేతుల మీది వస్తువే అన్నది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

మా గురించి మంచిగా మాట్లాడాలనుకున్న ప్రతివాళ్ళూ భారతం ఎత్తుకుంటారు. శిఖండి ఉన్నాడు, బృహన్నల ఉంది, మన సంస్కృతి మిమ్మల్ని ఎప్పుడో గౌరవించింది అంటారు. సాయంత్రం టీవీ చర్చలో ఒక పార్టీవాడు ఇంకో పార్టీవాణ్ణి "శిఖండి రాజకీయాలు చేస్తున్నావు" అంటాడు. అయితే విరాటపర్వంలో ఒక సంగతి నాకు ఎంతో ఇష్టం. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కూర్చుని, కౌరవులు ఎంతమంది వచ్చినా చీల్చి చెండాడతానని కోతలు కోసినవాడు ఉత్తరకుమారుడు. సేనను చూడగానే రథం దిగి పారిపోయాడు. వెంటపడి పట్టుకొచ్చి, రథం మీద కూర్చోబెట్టి, యుద్ధం గెలిచింది బృహన్నల. తెలుగువాళ్ళు ఆ కథ నుంచి ఎగతాళికి తీసుకున్న మాట ఏమిటి? ఉత్తరకుమార ప్రగల్భాలు. చీర కట్టుకున్న మనిషిని వదిలేసి, మాటలు చెప్పి పారిపోయిన రాజకుమారుణ్ణి పట్టుకున్నారు. రాజకీయ హాస్యం అంటే అది. నాయకుడు ఏమన్నాడు, ఏం చేశాడు, మధ్యలో ఎంత దూరం ఉంది. మనకు వందల ఏళ్ళుగా వచ్చిన విద్యను మీమ్ పేజీల కాలానికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోవాలి?

2018 మే నెల. నేను అప్పటికి ఇల్లు వదిలి బయటికొచ్చాను. పిల్లల్ని ఎత్తుకెళ్ళే ముఠాలు తిరుగుతున్నాయని రెండు రాష్ట్రాల్లో వాట్సాప్ నిండా వదంతులు. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి రంజాన్ నెలలో బిచ్చం అడుక్కోవడానికి వచ్చిన కొందరు ట్రాన్స్ మహిళల మీద చాంద్రాయణగుట్టలో రాత్రిపూట మూక విరుచుకుపడింది. ఒకరు చనిపోయారు. ఆ మర్నాడు మేమెవ్వరం బయటికి వెళ్ళలేదు. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపడానికి వీల్లేకుండా చేసింది. మంచిదే. కానీ మెసేజ్ ఎంత వేగంగా పోయిందన్నది సగం సంగతి. చీర కట్టుకున్న "మగవాడు" కనిపించగానే అందులో ఏదో మోసం ఉందని ఆ గుంపు ఎంత తేలిగ్గా నమ్మిందో, అది మిగతా సగం. ఆ నమ్మకం ఒక్క రాత్రిలో తయారు కాలేదు. నేనూ నాలుగేళ్ళ ముందు దానికి నా వంతు ఇటుకలు మోశాను. ఆ రాత్రి వార్తలో నాకు మొదట గుర్తొచ్చింది నా పాత ఫోల్డరే.

అదే జూలైలో, అదే అలవాటు పార్లమెంటులో కనబడింది. మనుషుల అక్రమ రవాణా బిల్లు మీద లోక్‌సభలో మాట్లాడుతూ అప్పటి కేంద్ర మహిళా శిశు సంక్షేమ మంత్రి మేనకా గాంధీ మమ్మల్ని "ది అదర్ వన్స్" అన్నారు. అంటే ఆ ఇంకో రకంవాళ్ళు. సభలో నవ్వులు. ఒకప్పుడైతే ఆ నవ్వు ఆ గోడల మధ్యే అణిగిపోయేది. ఈసారి ఆ వీడియో ముక్క చేతి నుంచి చేతికి తిరిగింది, దేశమంతటా ట్రాన్స్ మనుషులు దాన్ని పెట్టి నిలదీశారు. కొద్దిరోజుల్లోనే మంత్రి ట్విట్టర్‌లో క్షమాపణ చెప్పారు. అధికారికంగా ఏ పదం వాడాలో తనకు తెలియదన్నారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. అయినా ఆ క్షమాపణను నేను చిన్నదిగా చూడను. మమ్మల్ని చూసి నవ్వినందుకు అధికారంలో ఉన్నవాళ్ళు సారీ చెప్పడం నా జీవితంలో నేను చూసింది అదే మొదటిసారి.

తర్వాతి ఏడాది మాత్రం మా హ్యాష్‌ట్యాగులు ఎవరికీ వినబడలేదు. ట్రాన్స్‌జెండర్ల హక్కుల బిల్లు లోక్‌సభ దాటింది 2019 ఆగస్టు 5న. 370 అధికరణం రద్దు ప్రకటించిన రోజు. ఆ రోజు దేశంలో ఎవరి ఫోన్లోనైనా ఇంకో మాటకు చోటెక్కడ? రాజ్యసభ దాటింది నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు. మేమెవరమో మేమే చెప్పుకోవచ్చని కోర్టు అంటే, కలెక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలని చట్టం అంది. మా మీద లైంగిక దాడి చేసినవాడికి ఆర్నెల్ల నుంచి రెండేళ్ళు. అదే ఇంకో ఆడదాని మీద అత్యాచారం చేస్తే కనీసం పదేళ్ళు. ఈ తేడా గురించి పది మంది కలిసి రాత్రంతా కూర్చుని తెలుగులో పోస్టులు రాశాం. వాటి కింద పడ్డ కామెంట్లు 2014లో నేను చదివిన కామెంట్లే. మాట కూడా మారలేదు. ముందు మనిషిని నవ్వులపాలు చేస్తే, తర్వాత ఆ మనిషి ఎంత సెక్షన్ నంబర్లతో వాదించినా వినేవాడికి నవ్వే గుర్తొస్తుంది.

క్లినిక్ సంగతి చెప్పాలి. 2021లో హైదరాబాద్‌లో మిత్ర్ క్లినిక్ మొదలైంది, ట్రాన్స్‌జెండర్ల కోసం దేశంలోనే మొదటిది. పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది మావాళ్ళే. హార్మోన్ల గురించి నేను మొదటిసారి తలెత్తి ప్రశ్న అడిగింది అక్కడే. అంతకుముందు నాకు తెలిసినవాళ్ళంతా మందుల షాపులో చెవిలో చెప్పి మాత్రలు కొనుక్కుని, ఎంత వేసుకోవాలో ఒకరినొకరు అడిగి వేసుకున్నవాళ్ళే. అది అమెరికా సాయం సొమ్ముతో నడిచేది. 2025 జనవరిలో కొత్త అధ్యక్షుడు విదేశీ సాయం ఆపేయగానే ఇక్కడ తలుపులు మూసుకున్నాయి, పుణె, కల్యాణ్‌లలో ఉన్నవి కూడా. ఆ వార్త బయటికొచ్చాక, అమెరికా ప్రభుత్వ ఖర్చులు కోస్తున్న ఈలాన్ మస్క్, అమెరికన్ల పన్నుల సొమ్ము పోతున్నది ఇలాంటివాటికని తన ఎక్స్‌లో ఒక్క ముక్క పెట్టాడు. దాని కింద ప్రపంచమంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్ళలో తెలుగు పేర్లు చూశాను. ఇక్కడివాళ్ళూ ఉన్నారు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్నామని ప్రొఫైల్లో రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు నవ్వుతున్నది ఒక మందుల చీటీ గురించి. నా బీపీ చూసి, రక్తపరీక్ష రాసి, "భయపడకమ్మా" అన్న గది గురించి. కొన్ని నెలలకు టాటా ట్రస్ట్స్ సాయంతో అది సబ్‌రంగ్ క్లినిక్ పేరుతో మళ్ళీ తెరుచుకుంది. ఆ మధ్య నెలల్లో మందు ఆగిపోయినవాళ్ళు ఎలా గడిపారో నేను దగ్గర్నుంచి చూశాను.

ఇదంతా చదివి నేను నవ్వుకు శత్రువునని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు. ట్రాన్స్ మహిళలం కలిసి ఉండే మా ఇళ్ళల్లో ఉన్నంత నవ్వు నేను ఇంకెక్కడా చూడలేదు. మొదటిసారి చీర కట్టుకుని నేను గదిలోంచి బయటికొస్తే మా గురువు ఒక్క చూపు చూసి "చీర కట్టావా, గడ్డిమోపు కట్టావా?" అంది. అందరూ పొర్లి పొర్లి నవ్వారు, నేనూ నవ్వాను, తర్వాత ఆమే లేచి వచ్చి కుచ్చిళ్ళు సవరించింది. ఆ నవ్వులో నా చీరకు చోటుంది. రేషన్ కార్డు పనిమీద వెళ్ళినప్పుడు కౌంటర్లో ఉన్నాయన మా స్నేహితురాలిని పైనుంచి కిందిదాకా చూసి "మగా, ఆడా?" అన్నాడు. "మగ బియ్యం, ఆడ బియ్యం వేరేగా ఇస్తున్నారా సార్?" అంది. వరసలో ఉన్న ముసలమ్మలు పడీ పడీ నవ్వారు. ఆయన తలొంచుకుని ఫారం తీసుకున్నాడు. ఈ రెండో నవ్వు కూడా ఒకరిని దెబ్బకొట్టిందే. కానీ కొట్టింది ఆయన అడిగిన ప్రశ్నను. ఆయన పుట్టుకను కాదు, ఆయన ఒంటిని కాదు.

"మా పార్టీ మానేస్తే ఎదుటివాళ్ళు మానేస్తారా?" అని నాతో పాత రోజుల్లో పనిచేసిన ఒకతను మొన్న అడిగాడు. మంచి మనిషే, ప్రైడ్ నెల అని జూన్‌లో ప్రొఫైల్‌కు ఇంద్రధనుస్సు పెడతాడు. అతనికి లెక్క చెప్పాను. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడ, మగ కాకుండా ఇతరులుగా నమోదైనవాళ్ళు 43,769 మంది. 2023 ఎన్నికల్లో తెలంగాణ ఓటర్ల జాబితాలో మూడో జెండర్ కింద ఉన్నవాళ్ళు 2,676. రాష్ట్రం సగమైందనుకున్నా, పిల్లల్ని తీసేసినా ఆ రెండు అంకెలకు పొంతన లేదు. మిగతావాళ్ళు ఆడ, మగ గడుల్లో దాక్కుని ఉన్నారు, లేదా అసలు జాబితాలోనే లేరు. అందుకే చీర బొమ్మ పెడితే ఏ పార్టీకీ ఒక్క ఓటూ పోదు. దాక్కున్నవాళ్ళు బయటికి రాకపోవడానికి కారణాల్లో ఆ బొమ్మ ఒకటి. ఎదుటివాళ్ళు మానేస్తారా లేదా అన్నది నాకు తెలియదు, నువ్వు మానెయ్యి అన్నాను. మాకు అండగా పోస్టులు పెట్టేవాళ్ళందరినీ నేను అడిగేది ముందుగా అదొక్కటే. ఇంద్రధనుస్సు తర్వాత పెట్టండి.

అమ్మకు ఆ గద్వాల చీర సంగతి 2022లో చెప్పాను. మా మధ్య మాటలు మళ్ళీ మొదలైన ఏడాది. తిడుతుందనుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మరి నా మొహం ఎక్కడ పడేశావే?" అంది. ఆ "పడేశావే"లోని "వే" నాకు సగం రోజు చెవిలో ఉంది. మిగతా సగం రోజు ఆ ప్రశ్న ఉంది.

మొన్న మా కుటుంబం గ్రూపులో మా పిన్ని కొడుకు ఒక చీర బొమ్మ పెట్టాడు. డిగ్రీ రెండో ఏడాది, వాడికీ ఒక పేజీ ఉంది. నేను గ్రూపులో ఏమీ అనకుండా వాడికి విడిగా ఫోన్ చేశాను. నేను 2014లో ఏం చేశానో మొత్తం చెప్పాను. వాడు విన్నాడు. "అక్కా, నీ గురించి కాదక్కా" అన్నాడు. నా గురించే రా అన్నాను. కాసేపటికి గ్రూపులో ఆ బొమ్మ ఉన్నచోట డిలీట్ అయినట్టు గుర్తు కనబడింది. "మరి ఏం పెట్టాలి, చెప్పు. ఆయన ఏం చేశాడో జనానికి తెలియొద్దా?" అని మళ్ళీ వాడే ఫోన్ చేశాడు.

ఆయన ఏం చేశాడురా అని అడిగాను. మా ఊరి నుంచి మండల కేంద్రానికి పోయే రోడ్డు ఆర్నెల్లలో వేయిస్తానని మైకు ముందు చెప్పి మూడేళ్ళయిందన్నాడు. పిన్ని ఆ గుంటలోనే స్కూటీ మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ మాట అన్న వీడియో వాడి దగ్గర ఉంది. బండేసుకుని వెళ్ళి ఆ గుంట ఫోటో తీసుకురమ్మన్నాను. రాత్రి పదిన్నర దాకా ఫోన్లో కూర్చుని ఇద్దరం చేశాం. పైన ఆయన మైకు పట్టుకుని నిలబడ్డ బొమ్మ, తేదీతో సహా. కింద వాన నీళ్ళు నిండిన గుంట, పక్కన కొలత కోసం వాడు నిలబెట్టిన మా తాత చేతికర్ర, సగానికి పైగా మునిగి ఉంది. "ఉత్తరకుమార ప్రగల్భాలు" అని పైన పెడదామంటే, అది మా క్లాసులో సగం మందికి తెలియదక్కా అన్నాడు. తెలిసేలా కింద రెండు లైన్లు రాయమన్నాను. రాశాడు, బృహన్నల పేరుతో సహా.

నలభై మూడు లైకులు వచ్చాయి. వాడి పాత చీర బొమ్మకు పదకొండు వందలు. పొద్దున్నే ఆ లెక్క నాకు పంపించి, దాని వెనకే ఇంకో ఫోటో పంపించాడు. మండల ఆసుపత్రి గేటు. తాళం వేసి ఉంది.